పైకెత్తిన చేతులు

ఎల్బీనగర్‌లో డిగ్రీ చదువుతూ కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో ఆడేదాన్ని. ఆ రోజు ప్రాక్టీస్ మధ్యలో మా కోచ్ సార్ ఫోన్ పట్టుకుని గ్రౌండ్‌లోకి పరుగెత్తుకొచ్చారు. "లావణ్యా, ఇండియా క్యాంపుకు నీ పేరొచ్చింది!"

మా జట్టులో ఎవరు సెలెక్టయినా అందరూ కలిసి గాల్లోకి ఎగరేసి పట్టుకోవడం ఆనవాయితీ. "మూడుసార్లు ఎగరేయాలె!" అని అరిచింది నా ప్రాణస్నేహితురాలు స్వప్న. పొద్దున కురిసిన వానకు గ్రౌండంతా బురద. రెండోసారి నేను కిందికొస్తుండగా స్వప్న కాలు జారింది. నా మోకాలు నేలకు తగిలి మెలిపడింది. లోపల ఏదో తెగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది.

దిల్‌సుఖ్‌నగర్ ఆసుపత్రి దాకా ఆటోలో స్వప్నే నన్ను ఒళ్లో పడుకోబెట్టుకుంది. ఆపరేషన్ చేసినా ఆ మోకాలు మళ్లీ ఆటకు పనికిరాలేదు. స్టాండ్‌బైగా ఉన్న స్వప్నను నా బదులు క్యాంపుకు పిలిచారు.

"నేను పోనే. నీ జాగల నేనెట్ల పోతనే?" అని నా మంచం పక్కన కూర్చుని ఏడ్చింది.

"వెళ్లవే. ఇద్దరం ఇంట్లో కూర్చుంటే ఎవరికి లాభం?" అన్నాను, గోడవైపు చూస్తూ.

ఇప్పుడది దేశానికి ఆడుతోంది. ఒక క్లబ్బు జీతమిచ్చి మరీ ఆడించుకుంటోంది. దానిమీద కోపం లేదా అని అడుగుతారు. కొన్ని రోజులు ఉంటుంది, కొన్ని రోజులు ఉండదు.

దాని మ్యాచ్‌లన్నీ టీవీలో చూస్తాను. గెలిచాక అమ్మాయిలంతా గోల్ కొట్టినమ్మాయిని పైకెత్తి ఎగరేస్తారు. స్వప్న ఒక్కతే దూరంగా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడుతుంది.

– లావణ్య, దిల్‌సుఖ్‌నగర్