పోలయ్య మామ నేర్పిన ఒక్క మాట

మా చిన్నప్పుడు... సాయంత్రమైతే చాలు, జువ్వలదిన్నె ఇసుకలో కబడ్డీ కూత వినపడేది. నేర్పేది పోలయ్య మామ. ఆయనా అందరిలాగే సముద్రంలో చేపల వేటకు పోయే మనిషే... కానీ అటు కావలి దాకా ఆయన జట్టంటే హడల్!

ఆడపిల్లలను ఆడనిచ్చేవాళ్ళు కాదు. బోర్లించిన పడవెక్కి కూర్చుని చూసేదాన్ని. అమ్మ తిట్టి లాక్కెళ్ళేది... మర్నాడు మళ్ళీ అక్కడే.

మామకు ఒకటే పట్టుదల. "తగిలినోడికి తెలీదంట్రా తగిలిందని? రెఫరీ చూసినా చూడకపోయినా చెయ్యెత్తి బైటికి రా" అనేవాడు.

ఒకసారి ఫైనల్లో ఒక్క పాయింటుతో ఓడిపోయాం. రెఫరీ చూడలేదు... మా ఆటగాడే చెయ్యెత్తాడు. ఊరంతా వాణ్ణి దుమ్మెత్తిపోస్తుంటే, మామ తన తుండు తీసి వాడి భుజాన వేశాడు. "ఆట నేర్చుకునింది నువ్వొక్కడివేరా" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. నేనూ ఇలాగే పిల్లలకు నేర్పాలని ఆ రోజే అనుకున్నాను. ఇంట్లో పోట్లాడి చదివి పీఈటీ టీచర్నయ్యాను. ఇన్నేళ్ళూ 'చెయ్యెత్తి బైటికి రా' అన్న ఆ మాటే నా మొదటి పాఠం.

పోయిన నెల మా తొమ్మిదో తరగతి శిరీషను స్పోర్ట్స్ హాస్టల్ సెలెక్షన్స్‌కి తీసుకెళ్ళాను. సీటు వస్తే చదువూ తిండీ అన్నీ అక్కడే. రాకపోతే బడి మాన్పించి రొయ్యల షెడ్డుకు పంపుతానని వాళ్ళమ్మ ముందే చెప్పేసింది.

అబ్బబ్బా, ఏం ఆడిందనుకున్నారు! చివర్లో అవతలి పిల్ల వేలు దాని మోచేతికి తగిలింది. ఎవరూ చూడలేదు. ఈ పిచ్చితల్లి చెయ్యెత్తి బయటికి వచ్చేసింది... జట్టు ఓడింది. "ఇంత అమాయకురాలైతే పై ఆటలకు పనికిరాదమ్మా" అని నవ్వారు సెలెక్షన్ చేసే పెద్దమనుషులు. పిల్ల పేరు లిస్టులో రాలేదు.

తిరుగు బస్సులో అడిగింది... "నేను గమ్మునుంటే సీటొచ్చుండేది గదా మేడం?"

"వచ్చుండేది" అన్నాను. దానికి అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు.

వాళ్ళమ్మను ఎంత బతిమాలానో... "మీ నీతులు మాకు కూడు పెడతాయా టీచరమ్మా?" అంది. ఇప్పుడా పిల్ల షెడ్డులో రొయ్యలు ఒలుస్తోంది.

మామ పోయి చాలా ఏళ్ళయింది. బతికుంటే ఆయన మొహం చూడలేకపోయేదాన్ని. ఎందుకంటే... నిన్న కొత్త పిల్లలకు ఆట నేర్పుతూ, ఆ మాట దగ్గరికొచ్చేసరికి చెప్పకుండా దాటేశాను.

మీకూ చిన్నప్పుడు ఎవరో ఒకరు ఇలాంటి మాట నేర్పే ఉంటారు... మీ పిల్లలకు ఇంకా చెబుతున్నారా? నిజం చెప్పండి.