భుజం మీద మిగిలిన వేళ్లు

రెండు వేల పదమూడో సంవత్సరం, ఎండాకాలం పోయి వానలు ఇంకా దిగని రోజులు. కిరండూల్ బస్టాండు పక్క సందులో నాకొక ఫోటో స్టూడియో ఉండేది. మా నాన్న విజయనగరం దగ్గరి పల్లె నుంచి ఈ రైలు లైనుకి గ్యాంగ్‌మన్‌గా వచ్చాడు. నేను సుత్తికి బదులు కెమెరా పట్టాను. కొండ మీది గని నుంచి ఇనుప రాయి దిగుతూనే ఉండేది, ఊరంతా ఎర్ర దుమ్ము. రోజుకు రెండుసార్లు లెన్సు తుడవకపోతే నా దగ్గరికొచ్చిన పెళ్లికూతుళ్లందరూ ఒకే రంగులో పడేవారు.

గిరాకీ ఎక్కువగా పాస్‌పోర్టు ఫోటోలు, బ్యాక్‌గ్రౌండ్ మార్పించుకునేవాళ్లు. మనిషి వెనక నీలం తెరో పూలతోటో పెట్టాలంటే ముందు ఆ మనిషిని అంచు వెంబడి విడదీయాలి. దాన్ని మేం కటింగ్ అంటాం. అది రెండు రకాలు. ఒకటి మాస్కింగ్, అంటే అక్కర్లేని భాగం మీద ముసుగు వేయడం. కంటికి కనబడదు గానీ ఫైల్లో అలాగే ఉంటుంది, ముసుగు తీస్తే మళ్లీ వస్తుంది. రెండోది చెరిపేయడం. ఇందులో పోయింది పోయినట్టే. నాకు పని నేర్పిన జగదల్‌పూర్ గురువుగారు కంప్యూటర్లో పెన్ టూల్ పట్టుకుని, అంచు వెంబడి చుక్క చుక్కా పెట్టుకుంటూ, ఒక్క తలకాయకే అరగంట కూర్చునేవారు. ఒరిజినల్ జోలికి పోకురా అని రోజుకోసారైనా చెప్పేవారు.

ఆ మధ్యనే రాయ్‌పూర్ నుంచి ఒక ఏజెంటు వచ్చి రెండు సాఫ్ట్‌వేర్లు చూపించాడు. మొదటిది ముసుగు వేసే రకం. నిదానంగా నడుస్తుంది, నా పాత కంప్యూటరు మీద మరీ మూలిగేది. రెండోది ఒక్క నొక్కుకి మనిషిని తీసి చేతిలో పెట్టేది. కత్తిరించగా మిగిలింది దాచుకోదు, పాత పేరు మీదే సేవ్ చేసేస్తుంది. నేను రెండోదే వేయించుకున్నాను. తొందర నా పుట్టుగుణం. కుక్కర్ విజిల్ రాకముందే మూత తీసే మనిషినని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

ఆ తల్లి ఒక మధ్యాహ్నం వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. ఆవపల్లి అవతల పల్లె నుంచి కొంత నడిచి, మూడు బస్సులు మారి వచ్చింది. కొడుకులిద్దరూ ఇక్కడ ఒక ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, కింద లోడింగ్ పని చేసేవారు. పెద్దవాడు టిప్పర్ బోల్తాపడి చనిపోయి వారం దాటింది. చిన్నవాడు తల్లి వెంటే వచ్చాడు గానీ ఆమె వాణ్ణి లోపలికి రానివ్వలేదు. మెట్టు మీద, వీధి వైపు తిరిగి కూర్చున్నాడు.

ఆమె కొంగు ముడి విప్పి ఫోన్‌లోని మెమరీ కార్డు ఇచ్చింది. అందులో ఉన్నది ఒకే ఫోటో. రాళ్ల గుట్ట ముందు అన్నదమ్ములిద్దరూ నిలబడ్డారు. తమ్ముడి చెయ్యి అన్న భుజం మీద ఉంది. ఇద్దరూ జుట్టు దాకా ఎర్రగా ఉన్నారు.

"గిది ఒక్కటే ఉన్నది సారూ. పెద్దోన్ని ఒక్కన్నే తియ్యాలె. ఫోటో కట్టిచ్చి దండ ఎయ్యాలె," అంది.

"దాందేటుందమ్మా. చిన్నోణ్ని కనబడకుండా చేసేస్తాను."

"కనవడకుండ జేసుడు గాదు. పూరా పోవాలె. దండ ఏసేటి ఫోటోల బతికున్నోడు ఉండొద్దు. వాని నీడ గూడ ఉండొద్దు. నీ మిషన్ల గూడ ఉంచకు సారూ."

మా వైపూ ఈ పట్టింపు ఉంది కాబట్టి నాకు వింతగా అనిపించలేదు. ఆమెకు మిగిలింది ఆ మెట్టు మీద కూర్చున్నవాడొక్కడే. వాడికి ఏమీ కాకూడదని ఆ తల్లి భయం. నా కొత్త సాఫ్ట్‌వేర్‌కి సరిపడ్డ బేరం దొరికిందని నేను లోలోపల సంతోషించాను. అది తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఇలాంటి సాఫ్ట్‌వేర్లు రంగు తేడాను బట్టి అంచు పట్టుకుంటాయి. ఇక్కడ మనిషీ ఎరుపే, గుట్టా ఎరుపే. ఐనా నిమిషంలో పెద్దవాణ్ణి తీసి నీలం తెర ముందు నిలబెట్టింది. నేను ముఖం చుట్టూ, చెవుల దగ్గర సరిచూశాను. భుజం దగ్గర చూడలేదు. ఆమె కళ్ల ముందే కార్డులో ఫోటో కూడా తీసేశాను.

"ఇంకేం లేదు గదా సారూ?"

"ఏటీ లేదమ్మా. శుభ్రంగా ఉంది."

ఆమె గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. మెట్టు మీద కుర్రాడికి కూడా ఒక ఫోటో తీస్తానన్నాను. మైల రోజుల్లో ఫోటో దిగకూడదని ఆమె ఒప్పుకోలేదు. ఫ్రేము కట్టించి ఇచ్చాను, ఇద్దరూ వెళ్లిపోయారు.

మరుసటి ఏడు వానలు వెనకబట్టాక ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి ఒక్కతే. తువ్వాలులో చుట్టిన ఫ్రేమును ఒళ్లో పెట్టుకుని బల్ల మీద కూర్చుంది.

"సారూ, అప్పుడు నా చిన్నోన్ని తీసేసినవ్ జూడు. వాన్ని మళ్ల రప్పియ్యవా?"

 ఆమే చెప్పింది. జ్వరమొచ్చింది. వాగు నిండుగా పారుతోంది. మంచం మీద మోసుకుపోతే దవాఖానా చేరకముందే ప్రాణం పోయింది. వాడు ఏ గుర్తింపు కార్డు కోసమూ ఫోటో దిగలేదు. వాడి మొహం ఉన్నది ఆ ఒక్క ఫోటోలోనే, దాన్ని లేకుండా చేసింది నేనే.

కంప్యూటరంతా వెతికాను. పాత పేరు మీదే సేవ్ అయింది కదా, అసలుది ఎక్కడా లేదు. ఆమె ఈసారీ తెచ్చిన మెమరీ కార్డు నిండా పాటలు ఎక్కించేసి ఉన్నాయి. చెరిపిన ఫైళ్లను వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్ పెట్టి గంటసేపు తిప్పితే పాటల ముక్కలు, ఎవరిదో సగం మోటారుసైకిలు వచ్చాయి. ఆ నిదానపు సాఫ్ట్‌వేర్ వాడి ఉంటే ముసుగు తీయడం క్షణం పని. ఆమె పూరా తీసెయ్యమంది నిజమే, కానీ పోయినది తిరిగి రాదని పని తెలిసినవాణ్ణి నేను చెప్పాలి. చెప్పలేదు.

"లేదమ్మా. దొరకలేదు. నాదే తప్పు," అన్నాను.

ఆమె ఏడవలేదు. తువ్వాలు విప్పి, ఫ్రేము అద్దం మీద వేలు పెట్టింది.

"ఇగో సారూ. ఇయి వానియే గదా?"

వంగి చూశాను. పెద్దవాడి చొక్కా మీద, ఎడమ భుజం అంచున, నాలుగు వేళ్ల కొసలు. ఎరుపు మీద ఎరుపు. వాటిని సాఫ్ట్‌వేర్ పట్టుకోలేదు, నేనూ పట్టుకోలేదు.

"ఇంటికి వోయి బొట్టు పెడుతుంటె అగుపడ్డయి. మళ్ల వచ్చి తీపిద్దామంటె వానలు వడ్డయి. ఎనుక నాట్లు. అనుకుంట అనుకుంటనే ఉంటిని," అంది. ఫ్రేము మీంచి తలెత్తి అడిగింది. "అయి ఉండబట్టేనా సారూ, వాడు గూడ పోయిండు?"

"కాదమ్మా. జ్వరానికి పోయాడు. జ్వరానికే."

ఇలాంటివి నేను నమ్మను. ఐనా శుభ్రంగా ఉందని ఆవేళ చెప్పింది ఈ నోరే. ఆమె నమ్మిందో లేదో నాకు తెలీదు. కంగారులో తెలివితక్కువ మాటొకటి జారాను.

"ఇప్పుడు తీసెయ్యమంటావా అమ్మా?"

ఆమె ఫ్రేమును గుండెలకు అదుముకుంది. "వద్దు బిడ్డా. గంతే మిగిలిండు. పెద్దగ జెయ్యి."

కంప్యూటర్లో మిగిలిన ఆ కత్తిరించిన ఫోటో తెరిచాను. ఆ ఒక్క నొక్కు సాఫ్ట్‌వేర్ తెరవబుద్ధి కాలేదు. పెన్ టూల్ పట్టుకుని నాలుగు వేళ్ల చుట్టూ చుక్క చుక్కా పెట్టుకుంటూ కూర్చున్నాను. గంటన్నర పట్టింది. పెద్దది చేసేకొద్దీ మసకబారాయి. ఐనా నడిమి వేలి గోరు నల్లగా కనిపించింది.

"రాయి వడ్డ గోరు. వానిదే," అంది ఆమె, నా భుజం వెనక నిలబడి. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోలేదు.

తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద నాలుగు వేళ్లు ప్రింటు తీసి, అన్న ఫ్రేము కొలతకే ఇంకో ఫ్రేము కట్టాను. రెండింటినీ తువ్వాలులో ఎదురెదురుగా పెట్టి చుడుతూ ఆమె అంది. "ఇంటికాడ గోడకు పక్కపక్కనే పెడత బిడ్డా. ఇగ ఏం భయమున్నది."

ఆ సాయంత్రమే ఆ సాఫ్ట్‌వేర్ తీసేశాను. ఇప్పటికీ ఎవరైనా వచ్చి ఫలానా మనిషి ఈ ఫోటోలో ఆనవాలు లేకుండా పోవాలంటే సరేనంటాను. విడాకులవాళ్లూ అడుగుతారు, వాటాలు తేలని అన్నదమ్ములూ అడుగుతారు. వాళ్లకిచ్చే ప్రింటులో ఆ మనిషి ఉండడు. నా దగ్గరి ఫైల్లో మాత్రం ముసుగు వేసి ఉంచుతాను. అది అబద్ధమే, ఒప్పుకుంటాను. మనుషులు ఎవరిని వద్దనుకుంటారో, ఎప్పుడు మళ్లీ కావాలనుకుంటారో వాళ్లకే తెలీదని ఆ తల్లి వల్ల నాకు తెలిసింది.

ఆ చిన్నవాడు అరగంట సేపు నా గుమ్మం ముందే కూర్చున్నాడు. ఎంత గుర్తు చేసుకున్నా నాకు వాడి వీపే గుర్తొస్తుంది.