నాలుగు వేళ్ళకొక ముడి

ఆ వీధిలో వాహనాలు బాగుచేసే దుకాణాలు పద్నాలుగున్నాయి. పదమూడింటి యజమానులకు పేర్లున్నాయి. పద్నాలుగో ఆయన్ని మాత్రం చిన్నాపెద్దా అందరూ దారం బాబాయి అనే పిలుస్తారు. వాహనాల్లో కరెంటు తీగల పని ఆయనది. మిగతావాళ్ళు తీగల కట్టకు ప్లాస్టిక్ పట్టీ బిగించి చేతులు దులుపుకుంటారు. ఈయన మైనం రుద్దిన నల్లదారంతో, నాలుగు వేళ్ళ దూరానికొక ముడి చొప్పున, దారం కిర్రుమనేదాకా లాగి కడతాడు. కిర్రుమనని ముడి ఆయన లెక్కలో ముడి కాదు, ఉత్త అభిప్రాయం.

ఈ విద్య ఆయనకు గురువు పెట్టిన భిక్ష. ఆ గురువు ముప్పై ఏళ్ళు ఓడల్లో తీగలు కట్టి, నేలమీదికొచ్చి దుకాణం తెరిచినవాడు. ఓడకూ వ్యానుకూ కాస్త తేడా ఉందన్న సంగతి గురువు చెప్పలేదు, శిష్యుడు అడగలేదు. ఇంట్లో కూడా అదే నిష్ఠ. పిండి సంచీకి ఆయన వేసిన ముడి విప్పలేక భార్య ఇప్పటికి రెండు సంచులు కోసింది. ఒకసారి కూతురి బూట్ల లేసులు కట్టాడు. ఆ పిల్ల ఆ రాత్రి బూట్లతోనే పడుకుంది.

అంతటి మనిషికీ ఒక చెడ్డరోజు వచ్చింది. పొద్దున్న తొమ్మిదికి వాళ్ళక్క తన తెల్ల వ్యాను తెచ్చి దుకాణం ముందు ఆపడంతో అది మొదలైంది.

ఆవిడ ఆ వ్యానులో, కిడ్నీలు పాడై రక్తశుద్ధి చేయించుకునేవాళ్ళని ఆసుపత్రికి తీసుకెళ్ళి తిరిగి ఇళ్ళ దగ్గర దింపుతుంది. తొమ్మిదేళ్ళుగా అదే పని. అంతకుముందు బట్టలు ఉతికే కార్ఖానాలో ఆవిరి ఇస్త్రీ యంత్రం దగ్గర పదకొండేళ్ళు నిలబడింది. ఎడమ ముంజేతి మీద ఆ యంత్రం చేసిన సంతకం ఇప్పటికీ ఉంది. నలభై ఎనిమిదేళ్ళ వయసులో మళ్ళీ అక్కడికి పోవాల్సి వస్తుందేమోనన్నది ఇప్పుడు ఆవిడ భయం.

ఎందుకంటే రెండు నెలలుగా వ్యాను మీటరు బోర్డు ఉన్నట్టుండి చచ్చిపోతోంది. నడుస్తూ నడుస్తూ ఉండగానే ముళ్ళన్నీ దబ్బున సున్నా మీద పడతాయి, హెచ్చరిక దీపాలన్నీ ఒక్కసారి వెలుగుతాయి. ఇంజను మాత్రం ఏమీ ఎరగనట్టు పోతూనే ఉంటుంది. రోజూ ఎక్కే ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు, "అమ్మాయ్, అరగంటగా సున్నా వేగంతో వస్తున్నాం, అయినా టైముకే చేరాం. ఈ లెక్క నాకు కొత్త" అన్నాడట. తనిఖీ కార్యాలయంవాళ్ళకు అంత హాస్యప్రియత్వం లేదు. తనిఖీకి తీసుకెళ్ళిన రెండుసార్లూ బోర్డు సరిగ్గా అధికారి కళ్ళముందే చచ్చింది. మూడోసారి కూడా చస్తే రోగుల్ని ఎక్కించుకునే అనుమతి రద్దవుతుంది. ఆ మూడోసారి ఇవాళే, మధ్యాహ్నం మూడున్నరకి.

"ఒరేయ్ తమ్ముడూ, ఇవాళ కూడా 'బాగానే ఉందే' అన్నావంటే నీ దుకాణం ముందే కూర్చుని ఏడుస్తాను" అంది ఆవిడ దిగుతూనే.

"ఏడవకక్కా, బేరాలు పోతాయి" అన్నాడు తమ్ముడు. కానీ నవ్వలేదు. పదిరోజులుగా ఆయనకు నిద్ర సరిగ్గా లేదు.

ఆయన చెయ్యని పరీక్ష లేదు. స్కానరు పెడితే 'మీటరు బోర్డుతో సంభాషణ లేదు' అని ఒకే మాట పాడుతోంది. కొన్ని ఇళ్ళలో దంపతుల గురించి కూడా ఇంతకంటే క్లుప్తంగా చెప్పలేం. ఫ్యూజులు మంచివి. బోర్డుకు కరెంటు అందుతోంది, ఎర్తు గట్టిగా ఉంది. పాత సామాన్లవాడి దగ్గర అలాంటిదే ఇంకో బోర్డు తెచ్చి బిగిస్తే అదీ రెండోరోజు చచ్చింది. ఇక మిగిలింది జంట తీగలు. ఇంజను కంప్యూటరుకూ మీటరు బోర్డుకూ మధ్య ఒకదాన్నొకటి మెలేసుకుని రెండు సన్నతీగలు నడుస్తాయి. కబుర్లన్నీ వాటి మీదే. వాటి రెండు చివర్లా ఇద్దరు కాపలాదార్లలాగా నూట ఇరవై ఓముల నిరోధాలుంటాయి. బ్యాటరీ విప్పేసి మల్టీమీటరుతో కొలిస్తే, ఇద్దరూ ఉన్నప్పుడు అరవై చూపిస్తుంది. దారిలో తీగ తెగి ఒకడు విడిపోతే నూట ఇరవై చూపిస్తుంది.

ఆయన డ్రైవరు సీట్లో కూర్చుని కొలిచాడు. అరవై. దిగి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ ఎక్కి కొలిచాడు. అరవై. బ్యాటరీ తగిలించి ఇంజను వేస్తే మీటర్లు పెళ్ళివారి దీపాల్లా వెలుగుతున్నాయి.

"బా..." అని ఆగిపోయాడు.

"అను. బాగానే ఉందే అను!"

"నేను కూర్చుంటే బాగుంటుంది, నువ్వు కూర్చుంటే చస్తుంది. నేనేం చెయ్యనే? నువ్వేదో చేస్తున్నావు."

"ఏం చేస్తాన్రా? కూర్చుంటాను."

"ఎలా కూర్చుంటావు?"

"మనుషులు కూర్చున్నట్టే! నీలాగా తాటిచెట్టు మడతపెట్టినట్టు కూర్చోవడం నాకు రాదు."

నిజమే, తమ్ముడు ఆరడుగుల రెండంగుళాలు. అక్క ఆయన భుజం దాకా కూడా రాదు. చిన్నప్పుడు గోడ మీద గీతలు గీసి ఇద్దరి ఎత్తూ కొలిచేవాళ్ళు. పన్నెండో ఏట ఆవిడ గీత ఆగిపోయింది, ఆయనది ద్వారబంధం దాకా పోయింది. ఆ సంగతి ఇక్కడికెందుకంటే, కొంచెంసేపట్లో పనికొస్తుంది.

పదకొండయింది. ఆవిడ కూర్చుని వీధి చివరిదాకా నడిపింది, బోర్డు చచ్చింది. ఆయన ఎక్కి వెనక్కి తెచ్చాడు, బతికింది. పక్క దుకాణంలో రేడియేటర్లు బాగుచేసే ఆయన ఈ వినోదం చూసి వచ్చి, "బాబాయ్, తనిఖీకి నువ్వే నడుపుకెళ్ళరాదూ?" అన్నాడు.

"లైసెన్సున్న డ్రైవరే నడపాలి. నాకు ఇంత పెద్ద బండి లైసెన్సు లేదు."

"పోనీ అక్కకు నీ చొక్కా తొడుగు."

దారం బాబాయి చేతిలో స్క్రూడ్రైవరుంది. రేడియేటరాయన చప్పున తన దుకాణంలోకి పోయాడు.

పన్నెండయింది. ఒంటిగంటయింది. ఇంజను వైపు నుంచి జంట తీగల్ని అంగుళం అంగుళం తడిమాడు. ఎక్కడా ఒరుసుకోలేదు, నలగలేదు, చిలుం పట్టలేదు. స్టీరింగు కింద ఉన్న కట్టను మాత్రం విప్పలేదు. నాలుగేళ్ళ కిందట దాన్ని కట్టింది తనే. తను కట్టినదాన్ని అనుమానించడం ఆయన మతంలో లేదు.

రెండుకి ఆయన బ్యాటరీ విప్పి మరోసారి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. డాష్‌బోర్డు కింది సాకెట్టులో మల్టీమీటరు తీగలు గుచ్చి, మీటరును అద్దం పక్కన నిలబెట్టాడు. అరవై. ఆ అంకె వంక చాలాసేపు చూశాడు. తర్వాత దిగి, నూనెగుడ్డతో చేతులు తుడుచుకుంటూ, ఇరవై ఆరేళ్ళ వృత్తిలో ఎవరితోనూ అనని మాట అన్నాడు.

"అక్కా, నావల్ల కాదే."

ఆవిడ ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదేమో. ముంజేతి మీది మచ్చను ఒకసారి రుద్దుకుంది.

"సరే. నువ్వేం చేస్తావులే. దారిపొడుగునా బతికుంటే ఉంటుంది, లేకపోతే లేదు. బ్యాటరీ తగిలించు, పోతాను."

"ఆ కార్ఖానాలో ఇప్పుడు యంత్రాలన్నీ కొత్తవటలే" అన్నాడాయన, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"ఆవిరి పాతదేరా" అంది ఆవిడ.

ఎక్కి కూర్చుంది. సీటు ముందుకు జరుపుకుంది. స్టీరింగు కింద చిన్న మీట ఒకటుంటుంది. దాన్ని వదులు చేస్తే చక్రం ఎవరి ఎత్తుకు తగ్గట్టు వాళ్ళకి పైకీ కిందికీ వంగుతుంది. ఆవిడ దాన్ని వదులు చేసి చక్రాన్ని ఒళ్ళోకి లాక్కుంది. దిగేటప్పుడు పైకి తొయ్యడం, ఎక్కగానే లాక్కోవడం, కళ్ళజోడు సరిచేసుకున్నట్టుగా తొమ్మిదేళ్ళుగా రోజూ చేసే పనే.

అద్దం పక్కనున్న మల్టీమీటరు మీద అరవై పోయి నూట ఇరవై వచ్చింది.

దారం బాబాయి బ్యాటరీ తీగ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"అక్కా, కదలకు."

"ఏమైందిరా?"

"ఊపిరి కూడా... అది పీల్చుకో, పర్వాలేదు. ఇప్పుడు చక్రం పైకి తొయ్యి."

తోసింది. అరవై.

"కిందికి."

నూట ఇరవై.

"మళ్ళీ పైకి. మళ్ళీ కిందికి. అక్కా, నేనెక్కినప్పుడల్లా మోకాళ్ళకి తగులుతుందని దాన్ని పైకి తోస్తున్నానే! పదిరోజులుగా తోస్తున్నాను!"

"నేను ఎక్కినప్పుడల్లా లాక్కుంటున్నాను" అంది ఆవిడ మెల్లగా.

ఆయన కింద వెల్లకిలా పడుకుని స్టీరింగు కింది మూత ఊడదీశాడు. టార్చి వేశాడు. చక్రం వంగే మడత బందు సరిగ్గా ఎక్కడుందో అక్కడే, కట్ట మీద నల్లదారం ముడి ఉంది. చక్కటి ముడి. నాలుగు వేళ్ళ లెక్క ప్రకారం అక్కడే రావాలి, వచ్చింది. ఓడలో గోడలు వంగవు. వ్యానులో ఇది రోజుకు నాలుగుసార్లు వంగింది, నాలుగేళ్ళపాటు. ముడి తీగను కదలనివ్వలేదు, బందు ఉండనివ్వలేదు. పైతొడుగు చెక్కుచెదరలేదు. వేళ్ళతో నొక్కిచూస్తే మాత్రం లోపల రాగి తెగి తీగ ఉడికిన సేమ్యాలా వేలాడింది.

కింద టార్చి ఆరింది, మళ్ళీ వెలిగింది, మళ్ళీ ఆరింది.

"ఒరేయ్, బతికే ఉన్నావా?"

"దారం ముడి దగ్గర తీగ తెగిందే."

"ఎవరు వేశార్రా ఆ ముడి?"

"ఎవరో."

"ఈ ఊళ్ళో దారంతో కట్టేది నువ్వొక్కడివేరా."

కింద నుంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. తర్వాత, "కత్తెర ఇవ్వు" అని వినిపించింది.

తీగలు లాగితే అంగుళం కూడా రావడం లేదు, అంత బిగువుగా ఉన్నాయి. కొత్త ముక్క అతకాలంటే కట్ట మొత్తం వదులు కావాలి. టైము రెండూ ముప్పై అయిదు. ఆయన మొదటి ముడి కోశాడు. దారం తెగుతూ కూడా కిర్రుమంది. రెండోది, మూడోది. పద్దెనిమిది ముళ్ళు. ఒక్కొక్కటీ కోస్తున్నప్పుడు ఆయన ముఖం పళ్ళు పీకించుకుంటున్నవాడిలా ఉందని తర్వాత అక్క చెప్పింది. తెగినచోట రెండు తీగలకూ జానెడు ముక్కలు అతికి, టంకం వేసి, తొడుగు వేసి, రెండింటినీ మెలేసి, బందు దగ్గర ఉంగరంలా వదులుగా వేలాడనిచ్చాడు. అలవాటుకొద్దీ చెయ్యి దారం ఉండ మీదికి పోయింది. ఆవిడ ఆ చేతి మీద ఒక్కటిచ్చింది.

మూడుకి బ్యాటరీ తగిలించారు. తనిఖీ కార్యాలయానికి పాతిక నిమిషాల దారి. ఆయన పక్కసీట్లో కూర్చుని దారిపొడుగునా ముల్లును తప్ప దేన్నీ చూడలేదు. ప్రతి కూడలి దగ్గరా ఆవిడ బండి ఆపి చక్రాన్ని ఒకసారి పైకీ కిందికీ ఆడించేది. వెనక బండివాళ్ళు హారన్లు కొట్టారు. ముల్లు పడలేదు.

తనిఖీ అధికారి ఆవిణ్ణి చూస్తూనే, "మళ్ళీ వచ్చావా తల్లీ" అన్నాడు. పది నిమిషాలు ఇంజను తిప్పించాడు, ఆవరణ చుట్టూ నడిపించాడు, పక్కన నుంచుని బోర్డు మీద వేళ్ళతో కొట్టాడు. బోర్డు చావలేదు. ఆయనకది కొంచెం నిరాశగానే అనిపించినట్టుంది, వంగి స్టీరింగు కిందికి టార్చి వేశాడు.

"ఏంటిది? తీగలన్నీ పేగుల్లా వేలాడుతున్నాయి! ఎవడు చేశాడయ్యా ఇంత అడ్డదిడ్డంగా?"

అక్క తమ్ముడి వైపు చూసింది. ఆయన గొంతు సవరించుకున్నాడు. పద్నాలుగు దుకాణాల వీధిలో ఆయన పనిని ఆ మాట అన్నవాడు ఇంతవరకూ పుట్టలేదు.

"నేనేనండీ."

"కనీసం ఒక దారంతోనైనా కట్టకూడదూ?"

"కట్టకూడదండీ" అన్నాడు దారం బాబాయి.

అధికారి ఆయన్ని ఎగాదిగా చూసి, కాగితం మీద ముద్ర కొట్టి అక్క చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని మడత పెట్టకుండా, తడి బట్టను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని వ్యాను దాకా నడిచింది.

తిరుగుదారిలో ఆమె మాట్లాడుతూనే ఉంది. రేపు పొద్దున్న లెక్కల మాస్టారికి చెప్పాలి, మరదలికి ఇప్పుడే ఫోను చెయ్యాలి, ఇలా ఏవేవో. ఆయన వినడం లేదు. కిటికీలోంచి ఎదురొచ్చే బళ్ళను చూస్తున్నాడు. ఒక నీలం ట్రక్కు పోయింది. అది తను కట్టిందే. దాని స్టీరింగు వంగదు. తర్వాత బడిపిల్లల బస్సు ఒకటి వచ్చింది. అదీ తను కట్టిందే, దాని స్టీరింగు వంగుతుంది.

"అక్కా, ఆ బస్సును ఆపించు."

"ఎందుకురా?"

"డ్రైవరు పొట్టివాడు" అన్నాడాయన, జేబులో కత్తెర కోసం వెతుక్కుంటూ.