నలుగురి ముందు గీసిన గీత

మా పిన్నికి పద్నాలుగేళ్లప్పుడు ఒక పెద్దమనిషి ఆమె వేసిన బొమ్మను కిటికీ అద్దానికి ఆనించి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ట్రేసింగ్" అన్నాడు. బడులన్నిటికీ కలిపి పెట్టిన బొమ్మల పోటీ అది. ఇంటి దగ్గర వేసి తెచ్చి ఇవ్వాలి. పిన్ని తెచ్చింది వాళ్ల నాన్న బొమ్మ. కుట్టు మిషను మీదికి వంగి సూదిలోకి దారం ఎక్కిస్తున్న మనిషి, పక్కనుంచి చూస్తే ఎలా ఉంటాడో అలా. మెడ దగ్గర మొదలై పాదం దాకా ఒకటే గీత. చెరిపిన జాడ లేదు, దిద్దిన జాడ లేదు. అదే తప్పయింది.

"ఇంత సాఫీ గీత పిల్లల చేతికి రాదమ్మా," అన్నాడాయన, మెత్తగానే.

"ఇప్పుడే గీసి చూపిస్తానండీ."

"టైం అయిపోయింది."

పక్కన అక్క ఉంది. ఆ అక్కే మా అమ్మ. "నువ్వు చూశావా, ఈ అమ్మాయి గీస్తుంటే?" అని ఆయన అడిగాడు. మా అమ్మ అబద్ధం ఆడే రకం కాదు. "మధ్యాహ్నం గీసిందండీ. నేను నిద్రపోయాను," అంది. ఒక్క అబద్ధం ఆడితే నీ సొమ్మేం పోయేదమ్మా అని నేను చాలాసార్లు అడిగాను. అమ్మ ప్రతిసారీ కూర గిన్నె మీద మూత తీసి చూస్తుంది.

ట్రేసింగ్ అన్నందుకు పిన్నికి అంత బాధ లేదట. "గీస్తానంటే వద్దన్నాడు చూడు, అదిరా నాకు మంట. దొంగవి అన్నవాడు కనీసం జేబులైనా వెతకాలి కదా!" అంటుంది.

మా నాన్న ఆ ఇంటికి అల్లుడై వచ్చాక ఈ కథ విని ఆమెకు 'ట్రేసింగ్ మరదలు' అని పేరు పెట్టాడు. బావ కాబట్టి వేళాకోళం హక్కట. నలుగురూ కూర్చుని అన్నాలు తినే ప్రతిచోటా ఆ పేరు ఒకసారి వినబడేది. పిన్ని కూడా నవ్వేది. నవ్వకపోతే నిజమే కాబోలు అనుకుంటారు మరి.

ఆ పోటీ తర్వాత పిన్ని ఒంటరిగా ఎప్పుడూ బొమ్మ వేయలేదు. మానేసిందని కాదు. వేసేది, కానీ ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి. నా చిన్నతనమంతా ఆ కాపలాకే సరిపోయింది. "ఒరేయ్, ఇలా వచ్చి కూర్చో, బొమ్మ వెయ్యాలి," అని కేక వేసేది. నేను లేకపోతే పక్కింటావిడ. ఆవిడా లేకపోతే గ్యాసు బండ తెచ్చినతను. "ఒక్క నిమిషం నిలబడు నాయనా, ఈ చెయ్యి ఒక్కటీ అయిపోతుంది," అనేది. అతను భుజం మీద ఖాళీ బండతో నిలబడి, ఇది ఏ రకం పిచ్చో తెలియక, మర్యాదగా చూసేవాడు.

అందరికంటే ఎక్కువ చూసింది మా బాబాయి. స్కూలు వ్యాను నడుపుతాడు. రోజంతా పిల్లల గోల విని వచ్చి గోడకు జారగిలబడేవాడు. పిన్ని కాగితం పరిచేది.

"ఏవయ్యా, కళ్లు మూశావంటే ఈ బొమ్మ చెల్లదు."

"చూస్తున్నానే. రెప్పల్లోంచి చూస్తున్నా."

"రెప్పల్లోంచి చూసినవాడివి, నేనిప్పుడు ఏం గీశానో చెప్పు."

"నన్నే గీసుంటావు. ఎదురుగా ఇంకెవడున్నాడు?"

పిన్ని స్కూలు యూనిఫారాలు కుట్టే చోట కటింగ్ చేస్తుంది. పొడవాటి బల్ల మీద గుడ్డను మడతల మీద మడతలుగా పరుస్తారు. పై మడత మీద సుద్దతో గీత గీసేది పిన్ని. చంక దగ్గర వంపు, మెడ గుండ్రం, చేతి వాలు, అన్నీ ఒక్క ఊపులో వస్తాయి. చిన్నప్పుడు వాళ్ల నాన్న పక్కన కూర్చుని అరిగిపోయిన సబ్బు ముక్కతో గుడ్డల మీద గీసి గీసి పట్టుబడిన చెయ్యి అది. "నాన్న రెండోసారి గీయనిచ్చేవాడు కాదు. రెండు గీతలుంటే కత్తెర దేన్ని నమ్ముతుందే అనేవాడు," అని చెబుతుంది. ఆ పోటీ పెద్దమనిషికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పినా టైం ఉండేది కాదనుకోండి.

మా వీధి చివర పాత మోటారు షెడ్డును నలుగురు కలిసి స్టూడియో చేసుకున్నారు. గోడలకు సున్నం వేశారు గానీ నేల మీద ఇంజనాయిలు మరకలు అలాగే ఉన్నాయి. ఒక నర్సు అక్కడ రంగులు కలుపుతుంది, ఒక కరెంటు పనాయన ఫోటోలు తీసి తగిలిస్తాడు, రిటైరైన లెక్కల మాస్టారు నీటిరంగుల్లో కొండలు వేస్తాడు. మట్టితో కుండలూ తలలూ చేసే ఒకావిడ ఆ చోటంతటినీ చూసుకుంటుంది, అందరూ ఆవిడను అక్కా అంటారు. నాకు ఇలాంటి చోట్ల మీద సదభిప్రాయం లేదు. కళ అని పోగయ్యేవాళ్లు చాలామంది ఒకరి డబ్బా ఒకరు కొట్టుకుంటారు. నేను వెళ్లేది అక్కడి అలమరాలో ఉన్న పుస్తకాల కోసం. కానీ ఒక ఏడాది వాళ్లు చుట్టుపక్కల వాళ్లందరి బొమ్మలూ గోడకెక్కిస్తామన్నప్పుడు నేనే వెళ్లి పిన్నికి చెప్పాను.

పిన్ని మంచం కింద ఒక రేకు పెట్టె ఉంది, నిండా బొమ్మలే. అందులోంచి మంచివి ఏరుదామన్నాను.

"అవి గీస్తుంటే చూసిందెవరు? మీ బాబాయి. మొగుడి సాక్ష్యం చెల్లదురా."

"నేను చూశాగా!"

"నువ్వు మా అక్క కొడుకువి. నువ్వూ చెల్లవు."

బొమ్మలు ఇచ్చే రోజున పిన్ని స్టూడియోకు ఒక కాగితపు చుట్ట తెచ్చింది. యూనిఫారాల అచ్చులు కత్తిరించుకునే గోధుమరంగు మందం కాగితం. విప్పి చూపించింది. నిలువెత్తు ఖాళీ కాగితం.

"ఇది తగిలించండక్కా. జనం వచ్చాక వాళ్ల ముందే గీస్తాను."

మట్టి పనక్క గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. లెక్కల మాస్టారు ఊరుకోలేదు. "ఖాళీ కాగితం పెడితే రేపు ఖాళీ గోడ పెడతానని ఇంకొకరు వస్తారమ్మా."

"గోడైనా ఇవ్వండి మాస్టారూ, గీస్తా."

"మరి చెడిపోతే? అంతమంది ముందు?" అంది మట్టి పనక్క.

"చెడిపోతే చెడిన బొమ్మే వేలాడుతుంది. నా పేరే కదా కింద."

అక్క ఆ కాగితాన్నీ పిన్నినీ మార్చి మార్చి చూసి, తలుపుకు ఎదురుగా ఉన్న గోడ చూపించింది. అందరూ ఆశపడ్డ గోడ అది. మాస్టారి కొండలు కిటికీ పక్కకు జరిగాయి.

ఆ సాయంత్రం జనం బాగానే వచ్చారు. యూనిఫారాల చోటు నుంచి ఆడవాళ్లు పని దిగి నేరుగా వచ్చేశారు, చీరల మీద దారప్పోగులు దులుపుకోకుండా. "మా కటింగావిడ బొమ్మేది?" అని అడిగి, ఖాళీ కాగితం చూసి నోళ్లు నొక్కుకున్నారు. పిన్ని నల్ల మైనపు సుద్ద చేతిలో పట్టుకుని ముందుకొచ్చింది. ఎవరైనా ఒకరు స్టూలు మీద కూర్చోవాలంది. అందరూ ఒకరి వెనక ఒకరు నక్కారు. నన్ను ఎవరో వీపు మీద తోశారు, నేను కదల్లేదు.

వెనక బెంచీ మీద నుంచి మా అమ్మ లేచింది. మోకాళ్లు పట్టేసి నాలుగడుగులు వంకరగా నడిచి, స్టూలు మీద కూర్చుని, కొంగు సర్దుకుంది.

"గియ్యవే. ఈసారి నిద్రపోనులే," అంది.

పిన్ని ముక్కు ఒకసారి ఎగబీల్చి, గుడ్డ పరిచినప్పటిలాగే కాగితాన్ని రెండు అరచేతులతో మధ్యలోంచి అంచులకు నిమిరింది. తర్వాత స్టూలు మీది అక్కనే చూస్తూ నిలబడిపోయింది. ఎంతకీ మొదలుపెట్టదు. ఎవరో దగ్గారు. ఎవరో సెల్లు తీశారు. ఇప్పుడు గీత తప్పిందంటే ఇక జన్మంతా ట్రేసింగ్ మరదలే.

చంక వంపు గీసినట్టే మెడ వెనక నుంచి మొదలుపెట్టింది. సుద్ద ఆగలేదు. మెడ, వంగిన భుజం, వీపు, నడుం దగ్గర చీర కుచ్చిళ్లు, మోకాలు, దాని మీద చెయ్యి. సుద్ద కాగితం మీద రాసుకునే చప్పుడు ఒక్కటే వినబడుతోంది. మణికట్టు దగ్గర సుద్ద పటుక్కున విరిగింది. యూనిఫారాల ఆడవాళ్లు "అయ్యో" అన్నారు. పిన్ని కింద పడ్డ ముక్క తీసుకుని, విరిగినచోటు వదిలేసి, వేళ్ల దగ్గర నుంచి మళ్లీ అందుకుంది. పాదం దాకా వెళ్లి ఆపింది. ఆఖరున ముఖం, కళ్లు వేసింది.

గోడ మీద మా అమ్మ కూర్చుని ఉంది. కళ్లు ఇంతలేసి చేసుకుని, రెప్ప వేస్తే ఎవరేమంటారో అన్నట్టుగా.

చప్పట్లు మొదట కొట్టింది లెక్కల మాస్టారే. తర్వాత దగ్గరికొచ్చి, కళ్లజోడు పైకి తోసి, "అంతా బాగుందమ్మా, ఆ మణికట్టు దగ్గరే గీత తెగింది. కాస్త కలిపేస్తే..." అన్నాడు.

"తెగిందండీ," అంది పిన్ని. "ట్రేసింగ్ అయితే తెగదు."

ఆయనకు అర్థం కాలేదు. మాకు అర్థమైంది. బాబాయి నవ్వు ఆపుకోలేక బయటికెళ్లి వ్యానుకు ఆనుకుని నవ్వాడు, కళ్లు కూడా తుడుచుకున్నాడు. అమ్మ స్టూలు దిగి కాగితం ముందు నిలబడింది.

"నేనింత వంగిపోయానా?"

"వంగిపోయావక్కా. అచ్చం నాన్నలాగే."

"అయితే నువ్వు ఆ రోజు గీసింది కూడా బాగానే ఉండుంటుందే." అమ్మ ఎన్నో ఏళ్లుగా అనాల్సిన మాట అలా, అరువు తెచ్చుకున్నట్టు అంది. పిన్ని అక్క భుజం మీంచి జారిన కొంగు సర్దింది. అంతే.

ఆ పోటీ పెద్దమనిషి కూడా ఆ జనంలో ఉన్నాడని రాయాలని నాకెంత కోరికో చెప్పలేను. లేడు. ఆయన ఉన్నాడో పోయాడో వెతుకుతానని నేను బయల్దేరితే పిన్నే ఆపింది. "ఆయనకు గుర్తుండదురా. మనకు గుర్తున్నవాళ్లకు మనం గుర్తుండం." మనుషుల మీద నాకు ఉన్న కోపంలో సగం ఆ మాటలో ఉంది, ఆమెకు మాత్రం కోపం లేదు. నాకు ఆ పూట అదీ గర్వంగానే అనిపించింది. ఆ గదిలో ఎంతమంది ఉన్నారో అంతమందికీ వినబడేలా "మా పిన్ని" అని చెప్పుకు తిరిగాను. స్టూడియో అక్క ఆ కాగితాన్ని ప్రదర్శన అయిపోయాక కూడా ఆ గోడ మీద నుంచి దించలేదు. మా నాన్న వెళ్లి చూసొచ్చాడు. ఆ తర్వాత అన్నాల దగ్గర ఆ పాత పేరు మళ్లీ వినబడలేదు.

మొన్న ఒక మధ్యాహ్నం పిన్ని ఇంటికి వెళ్లాను. బాబాయి వ్యాను మీద వెళ్లాడు. వంటింటి నేల మీద కాగితం పరిచి, మోకాళ్ల మీద వంగి ఉంది పిన్ని. నేను అలవాటుగా గోడ వారగా చతికిలబడ్డాను, చూడ్డానికి.

తలెత్తి నన్ను చూసింది.

"నువ్వు అవతలి గదిలోకి వెళ్లి ఏదైనా చదువుకోరా. ఎవరైనా చూస్తుంటే నాకు చెయ్యి సాగట్లేదు."