తెలుగులోకి తిప్పిన సాక్ష్యం

1974 జూన్ 8, శనివారం, సాయంత్రం నాలుగు గంటలు. విజయవాడలో ఆసుపత్రి వెనక ప్రార్థన హాలులో నా వీడ్కోలు కూటం. హాజరైనవాళ్ళు: ఆసుపత్రి నడిపే మిషనరీ దొరసానమ్మ గారు, పాస్టరు గారు, నాతో శిక్షణ పూర్తిచేసిన నలుగురు, కంకిపాడు దగ్గర మా ఊరి నుంచి వచ్చిన ఎనిమిది మంది. ఆ ఎనిమిది మందిలో మా నాన్న, మా మేనమామ.

ల్యాబు శిక్షణ మే నెలలో ముగిసింది. జర్మనీలో చర్చి వాళ్ళ ఆసుపత్రిలో రెండేళ్ళు ఉండి పని నేర్చుకోవడానికి నన్ను ఎంపిక చేశారు. మర్నాడు ఉదయమే మద్రాసు రైలు. నా దిగులంతా నాన్న గురించే. అమ్మ పోయిన దగ్గర్నుంచి ఆయన మామయ్య దొడ్లో పాక వేసుకుని ఉండేవాడు. అత్తయ్య వండిందే తినేవాడు. నువ్వు తిరిగొచ్చేదాకా మీ నాన్న పళ్ళెం నా పళ్ళెం పక్కనే ఉంటుందని మామయ్య మాట ఇచ్చాకే నేను కాగితాల మీద సంతకం పెట్టాను.

విదేశం వెళ్ళేవాళ్ళు ముందుగా సాక్ష్యం రాసిచ్చి, వీడ్కోలు కూటంలో పైకి చదవాలి. ఎలాంటి ఇంటి నుంచి వచ్చామో, దేవుడు ఎలా నడిపించాడో అందులో చెప్పాలి. మొదటిసారి రాసింది దొరసానమ్మ గారికి నచ్చలేదు. ఇందులో మీ ఇల్లు కనిపించడం లేదు, అక్కడివాళ్ళు దేనికోసం ప్రార్థన చెయ్యాలి అన్నారు. రెండోసారి అమ్మ చావు గురించి రాశాను.

నాకు పదేళ్ళప్పుడు అమ్మకు కాన్పు కష్టమైంది. బెజవాడ తీసుకెళ్ళాలని బండి కోసం నాన్నని పంపారు. ఆయన వచ్చేసరికి పొద్దు వాలింది. కోతల రోజులు, బళ్ళన్నీ చేలల్లో ఉన్నాయి, దొరకలేదన్నాడు. అమ్మ దారిలోనే పోయింది. నాన్న చెప్పింది ఊరంతా నమ్మింది, మామయ్య కూడా. నన్ను శిక్షణలో చేర్చిన రోజు బందరు కాలువ గట్టు మీద కూర్చుని నాన్న నాకొక్కదానికే అసలు సంగతి చెప్పాడు. బండి వెంటనే దొరికింది. ఆయన కల్లుపాక దగ్గర ఆగిపోయాడు. ఆ రోజు తర్వాత మళ్ళీ తాగలేదు. ఎవరికీ చెప్పవద్దన్నాడు.

అదంతా ఇంగ్లీషులో రాశాను. జర్మనీ వెళ్ళే కాగితం, మా ఊరివాళ్ళకు అర్థం కాదనుకున్నాను. మా కూటాల్లో ఎవరు ఇంగ్లీషులో మాట్లాడినా పాస్టరు గారు పక్కన నిలబడి వాక్యం వాక్యం తెలుగులోకి తిప్పేవారు. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. అది నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు.

రెండు వాక్యాలు చదివానో లేదో, ఆయన లేచి నా పక్కకు వచ్చారు. నాన్న సంగతి ఉన్న పేరా వదిలేసి కిందికి పోయి ఉండవచ్చు. కానీ దొరసానమ్మ గారి చేతిలో ఇంకో ప్రతి ఉంది. ఆవిడ వేలు పెట్టి వరసలు చూసుకుంటున్నారు. నేను వదల్లేదు.

"బండి దొరికింది," అన్నారు పాస్టరు గారు ప్రసంగం చేసే గొంతుతో. "కానీ నా తండ్రి కల్లుపాక దగ్గర ఆగిపోయాడు."

మా ఊరి ఆడవాళ్ళలో ఒకావిడ అలవాటుగా స్తోత్రం అంది. నేను చివరిదాకా చదివాను.

వరండాలో టీలు ఇస్తుంటే మామయ్య నాన్న దగ్గరికి వెళ్ళాడు. గొంతు పెంచలేదు.

"బండి దొరకలేదన్నావు గదా బావా."

"దొరికింది బావా."

"పన్నెండేళ్ళు నా పక్కన కూర్చుని తిన్నావు."

నేను వెళ్ళి నాన్న చెయ్యి పట్టుకుంటే, బస్సుకు టైమైందమ్మా అని వదిలించుకున్నాడు. ఇద్దరూ ఒకే బస్సెక్కి దూరదూరంగా కూర్చున్నారు.

9వ తేదీ ఉదయం స్టేషనుకు మామయ్య ఒక్కడే వచ్చాడు. నాన్న ఏడని అడిగాను.

"లేచి చూస్తే పాకలో లేడమ్మా. బట్టలు కూడా లేవు. నేను పొమ్మనలేదు." రైలు వచ్చే వైపు చూసి, "ఉండమనీ అనలేదు," అన్నాడు.

ఎక్కడికి వెళ్ళుంటాడని అడిగితే తెలియదన్నాడు. వెతికిస్తావా మామయ్యా అన్నాను. ఈలోగా రైలు వచ్చింది. ఆయన నా పెట్టె అందుకుని లోపలికి వచ్చి, సీటు కిందికి తోసి, దిగిపోయాడు. నేను దిగలేదు.