కొలిమి కడుపులో తడి

మొన్న రేపల్లెలో తెనాలి బస్సు కోసం నిలబడి ఉండగా, రోడ్డు పక్క షెడ్డులో ఎవరో గ్యాసు కొలిమి వెలిగించారు. ఆ హోరు మొదట సన్నగా లేచి, తర్వాత ఒకే స్థాయిలో నిలబడిపోతుంది. మా ఆయన పోయి ఏడాది దాటింది. బస్సు వచ్చినా ఎక్కలేకపోయాను.

తొంభైల మొదట్లో మాకు తెనాలిలో, వేమూరు వెళ్ళే దారిలో, కమ్మరి కొట్టు ఉండేది. మామగారి కాలం నుంచి బొగ్గుల కొలిమి మీదే నాగలి కర్రులు సాగగొట్టేవారు. ఆ పొగకు మా ఆయన ఊపిరితిత్తులు పాడై, ఇక బొగ్గుల దగ్గర కూర్చోవద్దని డాక్టరు చెప్పాక, ఆయన పాత ఇనుప డ్రమ్ముతో గ్యాసు కొలిమి కట్టుకున్నారు. మామగారికి దాని మీద నమ్మకం లేదు. మొదటిసారి లోపలి పూత సరిగా ఆరకముందే మంట పెంచితే లోపలి తడి ఆవిరై పూత పేలి, పెంకు ఒకటి మా మరిది కనుబొమ్మను చీల్చింది. ఇంకొక్కసారి అలా జరిగితే ఆ డబ్బా పారేసి మళ్ళీ బొగ్గులే రాజేస్తానని మామగారు తేల్చి చెప్పారు. అంటే మా ఆయన మళ్ళీ ఆ పొగలో కూర్చోవాలి.

అందుకని ఆ వేసవిలో ఆయన పాత పూతంతా గీకి తీసి, నిప్పుకు కాలని తెల్లటి ఉన్ని లోపల పరిచి, వేడిని తట్టుకునే మట్టిని వెన్నలా కలిపి దాని మీద చేత్తోనే మెత్తారు. నీడలో ఆరనిచ్చి, లోపల కరెంటు బల్బు వేలాడదీసి, ఆ తర్వాత దీపమంత మంట పెట్టి ఆర్పుతూ, చల్లారాక మళ్ళీ పెడుతూ ఎంతో ఓపిగ్గా గడిపారు. మంట ఆర్పినప్పుడల్లా కొలిమి నోటికి స్టీలు పళ్ళెం అడ్డుపెట్టి, దానికి ఆవిరి పడుతుందేమో చూడడం నా పని. చివరికి పళ్ళెం పొడిగా వచ్చింది.

అప్పటికే కాలవకు నీళ్ళు వదిలారు. మర్నాడు పొద్దున్నే రైతులు ట్రాక్టరు కర్రులు తెచ్చుకుని కొట్టు ముందు కూర్చున్నారు. మా ఆయన గ్యాసు తిప్పబోతుండగా, కొలిమి అంచున పసుపూ, లోపలికి జారిన తడి చారా నాకు కనిపించాయి. కొత్తగా మెత్తిన కొలిమికి కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు దాని కడుపులో పోయడం మా ఇంట్లో అత్తగారు పాటించే ఆనవాయితీ. పాత బొగ్గుల కొలిమికి దానివల్ల ఏ నష్టమూ లేదు. నలుగురి ముందు అత్తగారిని తప్పుపట్టలేక, లోపల ఒకసారి చూడమని మాత్రం మా ఆయనతో అన్నాను.

"కడుపు నిండా పోశాలేరా, చల్లగా ఉంటది," అన్నారు అత్తగారు తృప్తిగా.

ఆయన గ్యాసు మీట మీది చెయ్యి తీసేశారు.

"వెలిగించరా," అన్నారు మామగారు. "నీ కోసం కాలవ ఆగుద్దా?"

"తడి ఉంది నాన్నా. ఇప్పుడు మంట పెంచితే పేలుద్ది."

కాకుమాను నుంచి వచ్చిన రైతు ఒకాయన చుట్ట తీయకుండానే నవ్వాడు. "ఏంటి బావా, కొలిమికి కూడా బాలింత పథ్యమేనా?"

మామగారు మూలనున్న బొగ్గుల గోతాం విప్పారు. మా ఆయన అందర్నీ గోడ అవతలికి పంపి, గోరంత మంట పెట్టి, పక్కకు ఒదిగి కూర్చున్నారు. కాసేపటికి లోపల పూత టిక్కుమంది. ఆర్పేశారు. నా పళ్ళెం చెమట పట్టినట్టు తడిసింది. కొందరు రైతులు వేరే కొట్టుకు వెళ్ళిపోయారు. ఈలోగా బొగ్గులు రాజుకుని పొగ షెడ్డులోకి రావడంతో ఆయనకు దగ్గు మొదలైంది. దగ్గుతూనే మళ్ళీ మంట పెట్టి, దాన్నే చూస్తూ కూర్చున్నారు.

అప్పుడు అత్తగారు బిందెడు నీళ్ళు తెచ్చి మామగారి బొగ్గుల మీద గుమ్మరించారు.

"వాడి దగ్గు వినపడట్లేదా?" అన్నారు.

పొద్దు వాలే వేళకు పళ్ళెం పొడిగా వచ్చింది. మంట పెంచితే పూత ఎర్రబడి, చిట్లకుండా నిలిచింది. మొదటి కర్రును మామగారే పట్టకారుతో లోపల పెట్టారు. ఆ ఇంట్లో మళ్ళీ బొగ్గులు రాజెయ్యలేదు.

ఇప్పుడు తెనాలిలోనూ బాపట్లలోనూ కర్రులు తయారుగా దొరుకుతున్నాయి. అరిగితే పారేసి కొత్తవి బిగించుకుంటారు. కొలిమి తడి ఆరేదాకా వాకిట్లో కూర్చునే రైతూ లేడు, కూర్చోబెట్టగల కమ్మరీ లేడు. ఆ రోజు ఎప్పుడు గడుస్తుందా అని నేను సాయంత్రం దాకా తపించాను. ఆయన గోడకు ఆనుకుని ఆ చిన్న మంటను చూస్తూ కూర్చున్న ఆ మధ్యాహ్నం ఇంకాస్త నెమ్మదిగా గడిచి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.