వదిలే వరుస

"లోపల నిజంగా బిడ్డ ఉన్నప్పుడు ఆగిపోతే?"

టెస్టింగ్ గదిలో ఈ మాట పైకే అనేశాను. ఎదురుగా మంచంలో ఇసుక నింపిన రెండు కిలోల బొమ్మ పడుకుని ఉంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని వెచ్చగా ఉంచే మంచాలు తయారుచేసే సంస్థ మాది. మంచంలోని వేడిని కొలిచే సెన్సర్‌కీ కంప్యూటర్‌కీ మధ్య మాట కలిపే ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. అది రాసేది నేను. మూడు నెలల క్రితం తండ్రినయ్యాను. అప్పటినుంచి ఆ బొమ్మను బొమ్మగా చూడలేకపోతున్నాను.

నా డ్రైవర్‌ను తీసి మళ్లీ వేసేటప్పుడు, నలభైసార్లకు ఒకసారి కంప్యూటర్ మొత్తం బిగుసుకుపోతోంది. హీటరు ఎలా ఉంటే అలాగే ఉండిపోతోంది. శుక్రవారం మొదటి మంచం ఆసుపత్రికి వెళ్లాలి. ఆ రోజు బుధవారం.

"తీసుకున్నవాటిని చివర్లో ఎవరు వదులుతున్నారు?" అన్నారు మా సీనియర్, సర్దుబాటు మేడమ్.

ఆ పేరు మేం పెట్టుకున్నదే. ఆవిడ రోజంతా చేసేది సర్దడమే గానీ, సర్దుబాటు అన్నది ఆవిడ ఒంట్లోనే లేదు. వయసు యాభై ఏడు. పొద్దున్న వచ్చి కిటికీ తెరుస్తారు, దీపం వేస్తారు, కుర్చీ లాక్కుంటారు. సాయంత్రం ఐదుకు కుర్చీ తోస్తారు, దీపం ఆర్పుతారు, కిటికీ మూస్తారు. ఈ వరుస తప్పడం ఎవరూ చూడలేదు. ఆరేళ్లపాటు, మంచాన పడ్డ తల్లిని ఐదున్నరకు పక్కకు తిప్పాల్సి వచ్చేది. తల్లి పోయి రెండేళ్లయింది. "ఇంకా ఏం తొందర మేడమ్?" అని ఒకడు నోరుజారితే, "కాళ్లకు తెలియదు కదయ్యా" అన్నారు.

పాత డ్రైవర్ ఆవిడ రాసిందే. డ్రైవర్ తన పనికోసం కంప్యూటర్ దగ్గర తీసుకున్న మెమరీ లాంటి ప్రతిదాన్నీ, చివర్లో పేరుపేరునా చేత్తో రాసి తిరిగిచ్చేవారు. ఇప్పుడు ఆ పని సిస్టమే చేస్తుంది. ఏమేం తీసుకున్నామో గుర్తుంచుకుని, డ్రైవర్ తన పని ముగించుకున్నాక, చివర తీసుకున్నది ముందు వచ్చేలా అన్నీ వెనక్కి ఇచ్చేస్తుంది. నేను హుషారుగా ఆ పద్ధతికి మార్చేశాను. మేడమ్ కాలం చెల్లిన మనిషని మనసులో అనుకున్నాను కూడా.

"కాగితం మీద తీసుకురా" అన్నారు. తెచ్చాను. పెన్సిల్‌తో పక్కన అక్షరాలు వేశారు. చేత్తో వదిలేదానికి 'చే', తనంతట తానే పోయేదానికి 'తా'. మెమరీ దగ్గర తా. క్లాక్ దగ్గర చే. ఇంటరప్ట్ దగ్గర తా.

"ఇదేంటి, మధ్యలో?"

"ఒక్కటే కదా మేడమ్ అని అలాగే ఉంచేశాను."

"ఒక్కటే!" అంటూ పెన్సిల్ కింద పెట్టారు.

నాకు అప్పుడు తట్టింది. సెన్సర్ చెప్పేది చదివే చిప్‌ను నడిపించేది క్లాక్. 'వచ్చి చదువు' అని సెన్సర్ వేసే కేక ఇంటరప్ట్. చేత్తో వదిలేవి ముందు పోతాయి, సిస్టమ్ వదిలేవి తర్వాత. అంటే నేను క్లాక్ ఆపేశాక కూడా కేక వినడం కాసేపు ఆగదు. ఆ సందులో కేక వస్తే డ్రైవర్ పరిగెత్తుకెళ్లి, ఆగిపోయిన చిప్‌ను అడిగి, జవాబు కోసం అక్కడే నిలబడిపోతోంది.

"అయితే మీ పాత పద్ధతే మేలా?"

"ఎవరన్నారు? నేను మరిచిపోతాను, అది మరిచిపోదు. పోయినేడు నేనే ఒక మెమరీ వదలడం మరిచి రెండు వారాలు వెతుక్కోలేదూ? అప్పగిస్తే అంతా దానికే అప్పగించు. లేదా అంతా నువ్వే చూసుకో. ఈ సగం సగం కాపురం మాత్రం వద్దు."

క్లాక్‌ను కూడా 'తా' చేశాం. ఇప్పుడు ముందు కేక వినడం ఆగుతుంది, ఆ తర్వాతే క్లాక్. గురువారం సాయంత్రానికి రెండువేలసార్లు తీసి వేశాం. ఒక్కసారీ ఆగలేదు.

ఆ ఊరటలో బొమ్మను మంచంలోంచి ఎత్తి బల్ల మీద దించాను. దాని తల ఠప్పున తగిలింది.

"పాపనూ ఇలాగేనా దించేది?"

నవ్వుతున్నారేమో అనుకున్నాను. నవ్వడం లేదు. ఉన్న మాట చెప్పేశాను. పాప నిద్రపోయినా దించాలంటే భయం. తల వాలిపోతుందేమోనని గంటలకొద్దీ చేతుల్లోనే ఉంచుకుంటున్నాను. "ఏంటి, జిగురు పెట్టి అతికించుకున్నావా?" అని మా ఆవిడ దెప్పుతోంది.

మేడమ్ బొమ్మను నా చేతికిచ్చారు. "మా అమ్మను రోజుకు ఆరుసార్లు ఎత్తి దించేదాన్ని. మొదట్లో నాకూ భయమే. ఎత్తేటప్పుడు ముందు ఏ చెయ్యి పెట్టావు?"

"తల కింద."

"తర్వాత?"

"నడుం కింద."

"మరి తల కింది చెయ్యి ముందు లాగేశావేం?"

ఐదు దాటి పది నిమిషాలైంది. ఆవిడ ఇంకా లేవలేదు. నాలుగుసార్లు ఎత్తించారు, నాలుగుసార్లు దించించారు. మంచం శుక్రవారం వెళ్లిపోయింది. ఇంట్లో పాపను ఉయ్యాల మీదికి వంచిన ప్రతిసారీ, ఆవిడ చెప్పినట్టే చేస్తున్నాను:

"చివర పెట్టిన చెయ్యి ముందు తియ్యి. తల కింది చెయ్యి అన్నిటికన్నా చివర. అదీ తీశాక వెంటనే వెళ్లిపోకు. ఒక్క క్షణం అక్కడే ఉండు, కేకేమైనా వస్తుందేమో విను."